టొలెడో: ఒకే గుట్ట మీద రెండు వేల ఏళ్లు (చర్చ)

పాతరాతలు
మిత్రులకు నమస్కారం. ఇక్కడ స్పెయిన్ మాట వచ్చినప్పుడల్లా కోర్డోబా మసీదు, గ్రనాడా అల్‌హంబ్రాల దగ్గరే ఆగిపోతున్నాం. నన్నడిగితే ఆ దేశం నడిచొచ్చిన దారంతా ఒక్క ఊళ్లో చూడాలంటే టొలెడోకే వెళ్లాలి. మాడ్రిడ్‌కి దక్షిణంగా సుమారు 70 కిలోమీటర్లు. రాతిగుట్ట మీద ఊరు, మూడు వైపులా లోతైన లోయలో తాహో నది. నేల మీదుగా దారి ఉత్తరం వైపు ఒక్కటే. క్రీ.పూ. 192లో రోమన్ సేనాని ఫుల్వియస్ నోబిలియర్ దీన్ని పట్టుకున్న సంగతి చెబుతూ, ఊరు చిన్నదే గానీ అది ఉన్న చోటే దానికి కోట అని రోమన్ చరిత్రకారుడు లివీ రాశాడు. ఆ తరవాత వచ్చిన ఏలికలందరికీ కావలసింది ఆ చోటే.

రోమన్ కాలం గబగబా దాటేస్తున్నాను. రథాల పందేల మైదానం శిథిలాలు ఇప్పటికీ ఉత్తరపు గోడ బయట పార్కులో ఉన్నాయి. నా దృష్టిలో అసలు కథ 6వ శతాబ్దంలో విసిగోతులు అనే జర్మానిక్ జాతివాళ్లు దీన్ని రాజధాని చేసుకున్నప్పుడు మొదలైంది. ఏలేవాళ్లు ఏరియన్ క్రైస్తవులు (క్రీస్తు తండ్రి దేవుడికి సమానం కాదనేవాళ్లు), ఏలుబడిలో ఉన్న జనం కాథలిక్కులు. 589లో రెకారెద్ రాజు ఇక్కడ జరిగిన మూడో మహాసభలో కాథలిక్ మతాన్ని రాజ్యం మతంగా ప్రకటించాడు. 400 నుంచి 702 దాకా ఈ ఊళ్లో మొత్తం 18 సభలు జరిగాయి. అవి మతానికే పరిమితం కాలేదు. రాజును ఎలా ఎన్నుకోవాలో కూడా 633లో ఇలాంటి సభే తేల్చింది. 654లో రెకెస్వింత్ రాజు గోతులకీ రోమన్లకీ కలిపి ఒకే ధర్మశాస్త్రం ప్రకటించాడు. చట్టం అంత పకడ్బందీగా ఉన్నా గద్దె కోసం కొట్లాటలు ఆగలేదు. 711లో ముస్లిం సేనాని తారిఖ్ ఇబ్న్ జియాద్ జిబ్రాల్టర్ జలసంధి దాటి వచ్చేసరికి ఆ రాజ్యం రెండుగా చీలి ఉంది.

తెలిసినవాళ్లు ఒక్కో కాలం గురించి రాయండి. నాకు తేల్చుకోవాలనున్న ప్రశ్న ఒకటుంది. ఇవాళ టొలెడోని ‘మూడు సంస్కృతుల నగరం’ అంటారు. ముస్లింలు, యూదులు, క్రైస్తవులు కలిసి బతికిన ఊరని. అది ఎంతవరకు నిజం?

ఓరుగల్లు శ్రీను
మంచి ముచ్చట మొదలువెట్టిన్రు అన్నా. నాకొక డౌటు. విసిగోతులు రెండొందల ఏండ్లు ఏలిన్రు గదా, వాళ్లు కట్టినయి ఏమన్న మిగిలినయా? ఫోటోలల్ల అన్నీ చర్చిలు, మసీదులే కనవడ్తున్నయి.

సుజాత మాడ్రిడ్
శ్రీను గారూ, నిలబడి ఉన్న కట్టడం లేదు, రాళ్లు ఉన్నాయి. టొలెడో గోడల్లో పాత రాళ్లు వెతుక్కుంటూ నడవడం నాకు చాలా ఇష్టం. సాన్ సాల్వదోర్ అని ఒక చిన్న చర్చి ఉంది. అంతకుముందు అది మసీదు. లోపల ఒక స్తంభం మీద క్రీస్తు చేసిన అద్భుతాల బొమ్మలు చెక్కి ఉంటాయి. ఆ స్తంభం విసిగోతులది. వాళ్ల రాయిని మసీదులో వాడుకున్నారు, ఆ మసీదే చర్చి అయింది. బొమ్మల ముఖాలు మాత్రం అరిగిపోయాయి.

బంగారం సంగతి వేరే. 1858లో టొలెడో దగ్గర గ్వార్రసార్ అనే చోట నేలలో దాచిన విసిగోత్ కిరీటాలు బయటపడ్డాయి. తలకు పెట్టుకునేవి కావు, చర్చిలో గొలుసులతో వేలాడదీసే మొక్కుబడి కిరీటాలు. రెకెస్వింత్ కిరీటానికి కింద ఒక్కో అక్షరం వేలాడుతూ ‘రెకెస్వింత్ రాజు సమర్పించెను’ అని లాటిన్‌లో చదవచ్చు. అది ఇప్పుడు మాడ్రిడ్ జాతీయ పురావస్తు ప్రదర్శనశాలలో ఉంది. ఇంకో రాజు సుయింతిలా కిరీటం 1921లో దొంగల పాలై మళ్లీ దొరకలేదు.

పాతరాతలు
సుజాత గారికి కృతజ్ఞతలు. అరబ్బుల కాలం నేను అందుకుంటాను.

టొలెడో వాళ్లకి పెద్దగా పోరు లేకుండానే చిక్కింది. అయితే వాళ్ల రాజధాని కోర్డోబా మాట వినే ఊరు మాత్రం కాలేదు. జనంలో ఎక్కువమంది ఇస్లాం పుచ్చుకున్న స్థానికులూ, అరబ్బీ మాట్లాడే క్రైస్తవులూ. ఆ క్రైస్తవులనే మొసారబులు అంటారు. తిరుగుబాటు మీద తిరుగుబాటు. అధికారి అమ్రూస్ ఊరి పెద్దలను విందుకు పిలిచి, ఒక్కొక్కరుగా లోపలికి రాగానే తలలు నరికించి గోతిలో వేయించాడని అరబ్బు చరిత్రకారులే రాశారు. అది 797 నాటి మాట. అయినా ఊరు లొంగలేదు. చివరికి 932లో కోర్డోబా ఖలీఫా మూడో అబ్దుర్రహ్మాన్ చాలాకాలం ముట్టడించి వశం చేసుకున్నాడు.

1031లో కోర్డోబా ఖలీఫా పాలన కూలిపోయి, ఎక్కడికక్కడ చిన్న రాజ్యాలు పుట్టాయి. టొలెడోని జున్నూనీలు ఏలారు. వాళ్లలో అల్ మామూన్ (1043–1075) కాలం ఈ ఊరి చదువులకు మంచి రోజులు. వ్యవసాయం మీద ఇబ్న్ బస్సాల్, మందుమొక్కల మీద ఇబ్న్ వాఫిద్ పనిచేసింది అప్పుడే. 1072లో అన్నతో పోరులో ఓడి రాజ్యం పోగొట్టుకున్న లియోన్ రాజు ఆరో అల్ఫోన్సోకి ఆశ్రయమిచ్చింది కూడా ఈ అల్ మామూనే. ఆ అతిథి 1085 మే 25న ఊరిలోకి విజేతగా అడుగుపెట్టాడు. అప్పటికి అల్ మామూన్ పోయి పదేళ్లు.

లెక్కల మాస్టారు
పాతరాతలు గారూ, అల్ మామూన్ కాలాన్ని అలా రెండు ముక్కల్లో వదలకండి. మన వాళ్లు తప్పక తెలుసుకోవలసిన మనిషి ఒకాయన అక్కడ ఉన్నాడు. పేరు సయీద్ అల్ అందలుసీ, టొలెడో ఖాజీ. 1068లో జాతుల చరిత్ర మీద ఒక గ్రంథం రాశాడు. శాస్త్రాన్ని పెంచిన జాతులు ఎనిమిది అని లెక్కగట్టి, వాటిలో మొదటి స్థానం భారతీయులకిచ్చాడు. తరవాతే పారశీకులు, కాల్దియన్లు, గ్రీకులు, తక్కినవాళ్లు. మన ఖగోళ సిద్ధాంతాలు మూడని చెబుతాడు. బ్రహ్మగుప్తుడి పరంపరకు చెందిన సింద్‌హింద్, ఆర్యభటుడి సిద్ధాంతం, అర్కంద్. తమ దాకా సవ్యంగా చేరింది సింద్‌హింద్ ఒక్కటేనని కూడా రాశాడు. అంకెలతో లెక్కించే మన పద్ధతినీ, పంచతంత్రం నుంచి వచ్చిన ‘కలీలా దిమ్నా’నీ మెచ్చుకున్నాడు. ఆ కలీలా దిమ్నా ఎవరో కాదు, మన కరటక దమనకులే. భారతదేశం మొహం ఎరగని న్యాయాధికారి తాహో ఒడ్డున కూర్చుని ఇదంతా రాయడం తలుచుకుంటే ఒళ్లు పులకరిస్తుంది.

ఆ ఖాజీ చుట్టూ చేరిన బృందంలో అల్ జర్ఖాలీ ఉన్నాడు. మొదట పరికరాలు చేసే పనివాడు. ఎక్కడి అక్షాంశానికైనా పనికొచ్చే ఆస్ట్రోలేబు (నక్షత్రాల ఎత్తు కొలిచే పరికరం) పలక తయారుచేశాడు. ఇక్కడి పరిశీలనల్లోంచే ‘టొలెడో పట్టికలు’ వచ్చాయి. గ్రహాలు ఏ రోజు ఎక్కడ ఉంటాయో లెక్కగట్టే పట్టికలవి. వాటిలో మన సింద్‌హింద్ లెక్కల పాలూ ఉంది. లాటిన్‌లోకి వెళ్లాక యూరప్ అంతా వాటిని వాడింది. దాదాపు నాలుగున్నర శతాబ్దాల తరవాత కోపర్నికస్ తన గ్రంథంలో జర్ఖాలీ పేరు తలిచాడు.

తాహో ఒడ్డున జర్ఖాలీ కట్టిన నీటి గడియారం గురించి అల్ జుహ్రీ అనే భూగోళ రచయిత చెప్పాడు. రెండు తొట్లు. చంద్రుడు పెరిగేకొద్దీ నిండుతాయి, తరిగేకొద్దీ ఖాళీ అవుతాయి. క్రైస్తవ రాజు ఏడో అల్ఫోన్సో కాలంలో అదెలా పనిచేస్తుందో చూడాలని విప్పదీశారట. మళ్లీ బిగించడం ఎవరికీ చేతకాలేదట.

గోదారి గట్టు
మాస్టారూ, చదువుతుంటే కడుపు నిండిపోయింది. పాతరాతలు గారి ప్రశ్నకి ఇదే జవాబు కదండీ. ముస్లిం ఖాజీ భారతీయులను మెచ్చుకోవడం, దాన్ని యూదులు చదవడం, క్రైస్తవులు లాటిన్‌లో రాసుకోవడం. కలిసి బతక్కుండా ఇది జరుగుతుందా? 1085 తరవాత అల్ఫోన్సో కూడా ఎవరినీ వెళ్లగొట్టలేదు. మూడు సంస్కృతుల నగరం అనడంలో నాకు తప్పేమీ కనబడటం లేదు.

మల్లిక
గోదారి గట్టు గారూ, మీ ఉత్సాహం నాకర్థమైంది, కానీ నేను ఒప్పుకోలేను. అదే ఊరి రికార్డు ఇంకో వైపు నుంచి చదవండి.

694లో ఇదే టొలెడోలో 17వ మహాసభ యూదుల మీద కుట్ర నేరం మోపి, ఆస్తులు లాక్కుని, వాళ్లను బానిసలుగా మార్చమని తీర్మానించింది. అరబ్బులు రావడానికి ముందు మాట అది. తరవాత 1391లో కాస్తీల్ రాజ్యం (టొలెడో ఉన్న మధ్య స్పెయిన్) అంతటా యూదుల వాడల మీద దాడులు జరిగినప్పుడు టొలెడో వాడనూ తగలబెట్టారు. చాలామంది ప్రాణభయంతో బాప్తిస్మం తీసుకున్నారు. అయినా వాళ్లను నెమ్మదిగా ఉండనిచ్చారా? 1449లో రాజు తరఫున అల్వారో దె లూనా ఊరిని పది లక్షల మరవేదీలు (అప్పటి నాణేలు) అప్పుగా అడిగాడు. జనం ఎగబడింది పన్ను వసూలుచేసే వ్యాపారి అలోన్సో కోతా ఇంటి మీదికి. అతను మతం మారిన యూదుల కుటుంబంవాడు. అదే ఏడు ఊరి అధిపతి పేరో సర్మియెంతో ఒక శాసనం తెచ్చాడు: యూదుల వంశంలో పుట్టినవాడు క్రైస్తవుడైనా సరే ఊళ్లో పదవులకు అనర్హుడు. ఇది విశ్వాసం మీద కాదు, రక్తం మీద పెట్టిన నిషేధం. ఆ తరహా శాసనాల్లో మొదటిది పుట్టింది మీరు మెచ్చుకుంటున్న ఊళ్లోనే. పోప్ ఐదో నికొలాస్ సైతం దాన్ని ఖండించాడు. అయినా వంద ఏళ్ల తరవాత, 1547లో, ఆర్చిబిషప్పు సిలిసేయో ఇలాంటి నియమాన్నే తన కతెడ్రల్‌లో (ఊరి ప్రధాన చర్చిలో) పెట్టాడు. ఈసారి పోపూ, రాజూ ఇద్దరూ ఆమోదించారు.

అవిలా తెరెసా పేరు వినే ఉంటారు, స్పెయిన్ పూజించే సంతురాలు. ఆవిడ తాతను టొలెడో ఇంక్విజిషను (మతం తప్పినవాళ్లను విచారించే చర్చి న్యాయస్థానం) 1485లో రహస్య యూదుడని శిక్షించింది. ఊరంతా చూస్తుండగా ఊరేగించారు. ఇవన్నీ జరిగిన ఊరికి ‘మూడు సంస్కృతులు’ అన్న పేరు పెట్టి అమ్ముకుంటే, బాధపడినవాళ్లకు మనం చేసే న్యాయం ఏముంటుంది?

పాతరాతలు
మల్లిక గారు చెప్పినవన్నీ నిజాలే. గోదారి గట్టు గారు చెప్పినదీ కల్పన కాదు. నాకు తోచింది ఇది. టొలెడోలో ఉన్నది ప్రేమ కాదు, ఒప్పందం. రాజుకు పన్ను కావాలి, చేతిపనులు కావాలి, అరబ్బీ తెలిసినవాళ్లు కావాలి. ఆ అవసరం ఉన్నన్నాళ్లు మిగతావాళ్లకు ఊళ్లో చోటుంది. అవసరం తీరాక ఒప్పందం కాగితం మీదే మిగిలింది.

1085 ఒప్పందమే చూడండి. ముస్లింల ఇళ్లూ పొలాలూ వాళ్లవే, మతం వాళ్లదే, పెద్ద మసీదు వాళ్లకే ఉంటుందని అల్ఫోన్సో మాటిచ్చాడు. కొద్దికాలానికే ఆ మసీదు కతెడ్రల్ అయింది. రాజు ఊళ్లో లేని సమయంలో రాణి కోన్స్తాన్స, ఆర్చిబిషప్పు బెర్నార్ కలిసి ఆ పని చేయించారనీ, రాజు మండిపడితే ముస్లిం పెద్ద అబూ వలీద్ స్వయంగా శాంతింపజేశాడనీ ఒక కథ. కతెడ్రల్ ప్రధాన పీఠం దగ్గర ఆ పెద్దమనిషి విగ్రహం కూడా ఉంది. కథ ఎంత నిజమో గానీ, గెలిచినవాళ్లు ఓడినవాడి విగ్రహాన్ని గర్భగుడిలో పెట్టుకున్నారంటే ఆ మాట తప్పిన బరువు వాళ్ల మనసుల్లో ఉందని నేననుకుంటాను.

అలాగని ఆ ఒప్పందపు కాలాన్ని తీసిపారేయలేం. ఊరి మొసారబులు క్రైస్తవ పాలనలోకి వచ్చాక కూడా రెండొందల ఏళ్ల పాటు ఇళ్ల అమ్మకాలు, వీలునామాలు అరబ్బీలోనే రాసుకున్నారు. అలాంటి పత్రాలు వెయ్యికి పైగా మిగిలాయి. పైన ఎవరు ఏలుతున్నా, కింద నోటరీ బల్ల దగ్గర భాష మారలేదు.

మల్లిక
‘ఒప్పందం’ అన్న మాట దగ్గర నేను మీతో కలుస్తాను. ఈ వాదన స్పెయిన్‌లోనూ పాతదే. 1948లో చరిత్రకారుడు అమెరికో కాస్త్రో, మూడు మతాలు కలిసి బతకడంలోంచే స్పానిష్ మనిషి పుట్టాడన్నాడు. ఇంకో చరిత్రకారుడు క్లాడియో సాంచెస్ అల్బోర్నోస్ గట్టిగా కాదన్నాడు. ఆయన లెక్కలో స్పెయిన్ అంతకన్నా పాతది, పోరులో గట్టిపడింది. ఇద్దరూ నియంత ఫ్రాంకో కాలంలో దేశం వదిలి బతికినవాళ్లే. ఇద్దరూ చూడని చోటు ఒకటుందని నా అభిప్రాయం: ఆడవాళ్లు, బానిసలు, ఇటుక పనివాళ్లు. వాళ్ల కలిసి బతకడం గ్రంథాలకెక్కలేదు.

ఓరుగల్లు శ్రీను
మల్లికక్కా, గట్టిగ చెప్పిన్రు. నాకు తర్జుమాల ముచ్చట సరిగ సమజ్ కాలే. లాటిన్ పండితునికి అరబ్బీ రాదు. అరబ్బీ తెల్సినోనికి లాటిన్ రాదు. మరి పని ఎట్ల నడిచింది?

లెక్కల మాస్టారు
శ్రీను బాబూ, మంచి ప్రశ్న. ఆ సంగతి వాళ్లే రాసిపెట్టారు. పారశీక వైద్యుడు, తాత్వికుడు ఇబ్న్ సీనా ఆత్మ మీద రాసిన గ్రంథాన్ని తర్జుమా చేస్తూ అవెందౌత్ అనే యూదు పండితుడు ముందుమాటలో చెబుతాడు: నేను ఒక్కో మాటా జనభాషలో పలికాను, ఆర్చిడీకను (చర్చి అధికారి) దొమినికుస్ దాన్ని లాటిన్‌లోకి మార్చాడు అని. అంటే అరబ్బీ చూస్తూ ఒకరు ఊరి భాషలో నోటితో చెబితే, రెండోవారు విని లాటిన్‌లో రాయడం. మధ్యలో వంతెన ఊరి వీధుల్లో అందరూ మాట్లాడుకునే కాస్తీలియన్ పలుకుబడి.

ఇక క్రెమోనా గెరార్డ్ అనే ఇటలీవాడు టోలెమీ ఖగోళ గ్రంథం ‘అల్మజెస్ట్’ లాటిన్‌లో దొరక్క వెతుక్కుంటూ టొలెడో వచ్చాడు. ఇక్కడి పుస్తకాలు చూసి అరబ్బీ నేర్చుకుని ఉండిపోయాడు. 1187లో చనిపోయేలోపు 70కి పైగా గ్రంథాలు తెచ్చాడు: అల్మజెస్ట్, ఇబ్న్ సీనా వైద్య గ్రంథం, అల్ ఖ్వారిజ్మీ బీజగణితం. ‘టొలెడో అనువాదకుల పాఠశాల’ అంటుంటారు గానీ, గంట కొట్టి పిలిచే బడి ఏమీ లేదు. పుస్తకాలున్న ఊరు, డబ్బిచ్చే చర్చి, రెండు భాషలు తెలిసిన మనుషులు, అంతే.

కాస్తీల్ రాజు పదో అల్ఫోన్సో 1221లో ఈ ఊళ్లోనే పుట్టాడు. ఆయన కాలంలో తర్జుమాలు లాటిన్‌లో ఆగక జనభాషకీ వచ్చాయి. యువరాజుగా ఉండగానే 1251లో కలీలా దిమ్నాని కాస్తీలియన్‌లోకి తర్జుమా చేయించాడు. రాజయ్యాక యెహూదా బెన్ మోషే, ఇసాక్ బెన్ సీద్ అనే ఇద్దరు యూదు పండితులతో టొలెడోలో కొత్త ఖగోళ పట్టికలు చేయించాడు. అల్ఫోన్సో పట్టికలని పేరు. అచ్చు వచ్చాక అవీ అచ్చయ్యాయి. కోపర్నికస్ దగ్గర ఒక ప్రతి ఉండేది.

ఓరుగల్లు శ్రీను
అబ్బా! అంటే మా ఓరుగల్లుల రుద్రమదేవి ఏలుతున్న కాలంల అక్కడ ఈ పట్టికలు గడ్తున్నరన్న మాట. మంచిగ గుర్తుంటది ఇగ.

సుజాత మాడ్రిడ్
ఒప్పందం మాట రాళ్లలో చూపిస్తాను. బాబ్ అల్ మర్దూమ్ మసీదు 999లో కట్టారు. ఎనిమిది మీటర్ల చదరం ఉంటుందేమో, అంత చిన్నది. లోపల తొమ్మిది గుమ్మటాలు, ఏ రెండూ ఒకలా ఉండవు. 12వ శతాబ్దం చివర దాన్ని చర్చి చేసి వెనక అర్ధచంద్రాకారపు భాగం కలిపారు. ఆ కొత్త భాగం కూడా అదే ఇటుకతో, అదే ఆర్చీల వరసతో. కట్టించింది చర్చివాళ్లు, పనితనం ముస్లిం మేస్త్రీలది. ఊరి చర్చి గోపురాల్లో ఎక్కువ భాగం మీనార్ల లాగే ఉండటానికి కారణం ఇదే.

యూదుల ప్రార్థనామందిరాలు పాతవి రెండు మిగిలాయి. శాంతా మరియా లా బ్లాంకా పేరులోనే చర్చి ఉంది కదా, 15వ శతాబ్దం మొదట్లో లాక్కున్నారు. తెల్లటి గుర్రపు లాడం ఆర్చీలు, అడవిలా స్తంభాలు. లోపలికి వెళ్తే మసీదులో ఉన్నామనిపిస్తుంది. రెండోది ఎల్ ట్రాన్సితో, 1350లలో క్రూర పేద్రో రాజు కోశాధికారి సామ్యుయేల్ హలేవీ కట్టించినది. గోడ పై అంచున హీబ్రూ కీర్తనలు, మధ్యలో అరబ్బీ మాటలు, కాస్తీల్ రాజచిహ్నాలు. ఆ పనితనం ముందు నోట మాట రాదు. కొద్ది ఏళ్లకే అదే రాజు హలేవీని బంధించి చిత్రహింసల్లో చంపించాడు. మల్లిక గారు చెప్పిన బాధా, గోదారి గట్టు గారు చెప్పిన అందమూ ఆ ఒక్క హాల్లో ఉన్నాయి. అక్కడికి వెళ్లిన ప్రతిసారీ కట్టించినవాడి పేరు వెతికి చదువుతాను.

1492లో మతం మారని యూదులను స్పెయిన్ నుంచి బహిష్కరించిన తరవాత ఈ ఊరి యూదులు ఉత్తర ఆఫ్రికా, తుర్కు దేశాలకు చెదిరిపోయారు. తొలెదానో అనే ఇంటిపేరు వాళ్లలో ఇప్పటికీ ఉంది.

గోదారి గట్టు
సుజాత గారూ, మందిరం కట్టించినవాణ్నే చంపించాడా! మల్లిక గారూ, మీరు చెప్పిన 1449 సంగతి ఈ రాత్రి కూర్చుని చదివాను. మనసు బరువెక్కింది. అయినా ఆ గోడ మీద హీబ్రూ, అరబ్బీ లిపులు, కాస్తీల్ గుర్తులు ఒకే పనివాడి చేతి కింద పక్కపక్కన నిలిచాయంటే, దాన్ని నేను వదులుకోలేను. వదులుకోనక్కర్లేదు కూడా అనుకుంటాను.

కాలువ రావు
రాజులూ మతాలూ అయ్యాయి, ఇక నీళ్ల సంగతి నేను చెబుతాను. ఇరిగేషన్‌లో పనిచేసి రిటైరైనవాణ్ని. గుట్ట మీద ఊరికి నది కాళ్ల దగ్గరే ఉన్నా, చెంబుడు నీళ్లు పైకెక్కాలంటే గాడిదలే గతి. రోమన్లు దూరాన ఆనకట్ట కట్టి కాలువతో నీళ్లు తెచ్చారు. అది పాడయ్యాక శతాబ్దాల పాటు నీళ్లు మోసేవాళ్లే ఊరిని బతికించారు.

16వ శతాబ్దంలో హువానెలో తురియానో అనే ఇటలీ గడియారాల మేస్త్రీ స్పెయిన్ రాజు ఐదో చార్లెస్ కొలువులో ఉండేవాడు. తాహో మీది అల్కాంతరా వంతెన పక్కన నీటిచక్రం పెట్టి, ఆ బలంతోనే నీళ్లు ఎగువకు పంపే యంత్రం కట్టాడు. వరసగా ఊగే చేతులు, వాటి చివర పాత్రలు. ఒక పాత్ర ఊగి పై పాత్రలో పోస్తుంది, అది ఊగి ఇంకా పైదానిలో. అలా దాదాపు వంద మీటర్ల ఎత్తుకు, అల్కాసర్ కోట దాకా. 1569 నాటికి నడిచింది, అనుకున్నదానికన్నా ఎక్కువే ఇచ్చింది. అప్పటి పంపులు ఆ ఎత్తుకు నీళ్లు తోయలేని కాలం అది. సైన్యం నీళ్లన్నీ కోటలో ఉంచేసుకుంది. మాకు చుక్క రానిదానికి డబ్బెందుకివ్వాలని నగరం మొండికేసింది. రాజు ఖజానా నుంచి సొమ్ము నానా తంటాలు పడితే గానీ రాదు. రెండో యంత్రం కూడా కట్టించుకున్నారు, బాకీ మాత్రం తీరలేదు. హువానెలో 1585లో అప్పుల్లోనే పోయాడు. పని పూర్తయ్యాక బిల్లు ఎవరిదని తగాదా పడటం నేనూ ఉద్యోగంలో చూశాను కాబట్టి, ఆయన తరఫున నాకు ఇప్పటికీ కోపమే.

పాతరాతలు
రావు గారూ, అద్భుతం. ఆ యంత్రం నడుస్తున్నప్పటికే ఊరి వెలుగు తగ్గడం మొదలైంది. దానికి ముందు ఒక తిరుగుబాటు ఉంది. 1520లో ఐదో చార్లెస్ పన్నులకీ, ఆయన వెంట వచ్చిన విదేశీ అధికారులకీ ఎదురుతిరిగిన కాస్తీల్ నగరాలకు టొలెడోయే ముందు నడిచింది. నాయకుడు హువాన్ దె పదియ్యా 1521 ఏప్రిల్‌లో వియ్యలార్ దగ్గర ఓడి, మర్నాడే తల పోగొట్టుకున్నాడు. భార్య మరియా పచేకో లొంగలేదు. 1522 ఫిబ్రవరి దాకా ఊరిని నిలబెట్టి, చివరికి పోర్చుగల్ పారిపోయింది. వాళ్ల ఇల్లు కూలగొట్టి నేల మీద ఉప్పు చల్లించారు.

1561లో రెండో ఫిలిప్ కొలువు మాడ్రిడ్‌కి మార్చేశాడు. ఊరికి అసలు దెబ్బ అదేనని నా నమ్మకం. ఒక్కరోజులో కూలిపోలేదు, కొన్ని దశాబ్దాలు నిలిచింది. తరవాత పట్టు నేత, కత్తుల పని, పెద్దింటి కుటుంబాలు ఒకటొకటిగా జారిపోయాయి. 17వ శతాబ్దంలో జనం సగానికి పైగా తగ్గారు. మిగిలింది చర్చి. ఆ మిగలడం వల్లే పాత ఊరు కూలకుండా మన దాకా వచ్చింది. కొత్త భవంతులు కట్టే డబ్బు ఎవరి దగ్గరా లేదు.

కుంచె
ఎల్ గ్రెకో మాట లేకుండా ముగించేస్తారేమోనని వచ్చాను. క్రీట్ ద్వీపంలో పుట్టి, వెనిస్, రోమ్‌లలో నేర్చుకుని 1577లో టొలెడో వచ్చాడు. 1614లో ఇక్కడే పోయాడు. కతెడ్రల్‌కి వేసిన మొదటి పెద్ద బొమ్మకే ధర దగ్గర పేచీ. క్రీస్తు తలకన్నా పైన జనం తలలు వేశావని చర్చివాళ్లు తప్పుపట్టారు. బొమ్మ మార్చలేదు, ఇప్పటికీ అక్కడే ఉంది.

శాంతో తోమే చర్చిలో ఓర్గాస్ ప్రభువు అంత్యక్రియల బొమ్మ ముందు నిలబడండి. కింద నల్లబట్టల్లో వరసగా ఉన్నవాళ్లు ఆయన కాలపు టొలెడో పెద్దమనుషులే. వాళ్ల మధ్య వెలుతురు ఆ తెల్లటి మెడపట్టీల నుంచే వస్తుంది. న్యూయార్క్‌లో ఉన్న టొలెడో దృశ్యంలో కతెడ్రల్‌ని అసలు చోటు నుంచి జరిపి అల్కాసర్ పక్కన పెట్టాడు. బొమ్మకు ఏది కావాలో అదే చేశాడు. ఆ తుఫాను ఆకాశం కోసం నేను ఎన్ని రంగులు కలిపినా రాలేదు.

గోదారి గట్టు
అల్కాసర్ అంటే 1936 అంతర్యుద్ధంలో కల్నల్ కొడుకును బలిచ్చిన కోటే కదండీ? ఫోన్లో కొడుకుతో ‘దేవుడికి ఆత్మ అప్పగించి చనిపో’ అన్నాడని ఎక్కడో చదివాను.

మల్లిక
అవును, ఆ కోటే. ఫ్రాంకో ప్రభుత్వం ఆ కథను దశాబ్దాల పాటు చెప్పించింది కాబట్టి కాస్త విడదీసి చూద్దాం. 1936 జులై చివర కల్నల్ మొస్కార్దో రిపబ్లిక్ ప్రభుత్వం మీద తిరగబడిన సైనికులు, సివిల్ గార్డులు, వాళ్ల ఆడవాళ్లు, పిల్లలతో కోటలో తలుపులేసుకున్నాడు. లోపల బందీలు కూడా ఉన్నారు. లొంగకపోతే కొడుకును చంపుతామని జులై 23న ఫోన్ వచ్చిన మాట నిజం. కొడుకు లూయిస్‌ని మాత్రం అప్పటికప్పుడు చంపలేదు. ఆగస్టు 23న, ఒక విమానదాడికి ప్రతీకారంగా మిగతా ఖైదీలతో పాటు కాల్చారు. ఊళ్లో రిపబ్లికన్ మిలీషియాలు (ప్రభుత్వ పక్షపు సాయుధ దళాలు) పాదిరీలను చంపారు. సెప్టెంబరు 18న కోట కింద మందుపాతర పేల్చి ఒక గోపురం కూల్చారు. మాడ్రిడ్ వైపు వెళ్తున్న ఫ్రాంకో దారి మళ్లించి సెప్టెంబరు 27న ఊరు పట్టుకున్నాడు. అతని సైనికులు ఆసుపత్రిలో మంచాల మీదున్న గాయపడిన మిలీషియా వాళ్లను కూడా చంపారు. ఈ చివరి వాక్యం ఆ పాత కథలో ఉండేది కాదు. నేను దీన్ని వదలకుండా రాస్తాను.

ఓరుగల్లు శ్రీను
మనసు కలకలైంది అక్కా. ఒక్క గుట్ట మీద ఎన్ని జరిగినయో. టొలెడో కత్తులని సినిమాలల్ల వింటం గదా, అవి ఇంక చేస్తున్నరా?

సుజాత మాడ్రిడ్
మూడో కార్లోస్ 1761లో రాజ ఆయుధ కర్మాగారం పెట్టించాడు. అది ఇప్పుడు విశ్వవిద్యాలయం. కత్తి చేసేవాళ్లు కొద్దిమందే మిగిలారు. దుకాణాల్లో వేలాడేవి చాలావరకు అలంకారానికే. ఉక్కు మీద బంగారు తీగ పొదిగే పని మాత్రం ఇంకా చేతులతో చేసేవాళ్లున్నారు, అది కూర్చుని చూడదగ్గది.

1983లో కాస్తియ్యా లా మాంచా రాజధాని అయ్యాక ఊరికి ఆఫీసులొచ్చాయి. 1986లో యునెస్కో జాబితాలో చేరింది. 2005 నుంచి మాడ్రిడ్ నుంచి వేగపు రైలు అరగంటలో దించుతుంది. దాంతో పర్యాటకులు పొద్దున వచ్చి సాయంత్రం వెళ్లిపోతున్నారు. పాత గోడల లోపల కాపురాలు తగ్గాయి. పాల ప్యాకెట్టు కొనే కొట్టు కన్నా కత్తి కొనే కొట్టే తేలిగ్గా దొరుకుతుంది. నాకు దీని గురించి చాలా బెంగ.

వెళ్లాలనుకునేవాళ్లు ఒక రాత్రి అక్కడే ఉండండి. ముందు బాబ్ అల్ మర్దూమ్, తరవాత కతెడ్రల్, మధ్యాహ్నం రెండు యూదు మందిరాలు. ఓపికుంటే సాన్ హువాన్ దె లోస్ రెయెస్ మఠం గోడ మీద వేలాడే ఇనుప గొలుసులు చూడండి. గ్రనాడా యుద్ధంలో విడిపించిన క్రైస్తవ బందీలవి.

కాలువ రావు
అల్కాంతరా వంతెన దగ్గర కాసేపు ఆగండమ్మా. హువానెలో యంత్రం అక్కణ్నుంచే మొదలైంది. వంద మీటర్ల ఎత్తంటే ఏమిటో కింద నిలబడి తలెత్తి చూస్తేనే తెలుస్తుంది.

మల్లిక
అల్కాసర్‌లో సైనిక ప్రదర్శనశాలతో పాటు పై అంతస్తులో ప్రాంతీయ గ్రంథాలయం కూడా ఉంది. దానికి టికెట్ అక్కర్లేదు. శ్రీనూ, ప్రదర్శనశాలకు టైము చాలకపోయినా అక్కడికి వెళ్లు.

ఓరుగల్లు శ్రీను
తప్పక పోత అక్కా. మాస్టారూ, ఆ సయీద్ ఖాజీ గ్రంథంల మన దేశం గురించిన అధ్యాయం మొత్తం మీకు తెల్సినంత ఇంకో దారంల రాస్తరా? మా కాలేజి పిల్లలకు చదివి వినిపిస్త.

లెక్కల మాస్టారు
రాస్తాను బాబూ. వచ్చే ఆదివారం మొదలుపెడతాను.